బొట్టు పెట్టిన గిన్నె

ఈ మధ్య మా నోవై ఊళ్ళో పిల్లలెవరైనా కెమిస్ట్రీ చదువుతామంటే వాళ్ళ అమ్మలు నా దగ్గరికి పంపుతున్నారు. రిటైరైన మనిషిని, ఖాళీగా ఉంటానని వాళ్ళ నమ్మకం. మొన్న వచ్చిన అమ్మాయి పెట్టిన జంతికలన్నీ తినేసి, చేతులు దులుపుకుని, "ఆంటీ, మీరు అన్ని ఇయర్స్ వాటర్‌ని చూస్తూ కూర్చున్నారా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

"కూర్చోలేదమ్మా, ఎక్కువగా నిలబడ్డాను," అన్నాను.

ఆ పిల్లకి అప్పుడు చెప్పలేకపోయిన మిగతా జవాబు ఇది. ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో రాయను. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి పనికొచ్చే మాటలు నాలుగు, నవ్వుకోవడానికి ఒక కథ, అంతే.

పని ఏమిటంటే

నీళ్ళలోకి కరెంటు పంపితే ఒక పలక దగ్గర హైడ్రోజన్ బుడగలు వస్తాయి, రెండో పలక దగ్గర ఆక్సిజన్ బుడగలు వస్తాయి. స్కూల్లో అందరూ చూసిందే. హైడ్రోజన్ పిలవగానే వస్తుంది. ఆక్సిజన్ మాత్రం పెళ్ళికి బయల్దేరిన మేనత్త. అందరూ కారెక్కి కూర్చున్నా ఆవిడ ఇంట్లోంచి బయటికి రాదు. రావాలంటే లెక్క ప్రకారం చాలిన దానికంటే ఎక్కువ ఓల్టేజి పెట్టి బతిమాలాలి. ఆ బతిమాలుడు తగ్గించేదే క్యాటలిస్ట్. పలక మీద సన్నగా పూసే లోహపు ఆక్సైడ్. అరుదుగా దొరికే ఖరీదైన లోహాలు ఈ పని బాగా చేస్తాయి. చవగ్గా దొరికే నికెల్‌తో అంత బాగా చేయించాలని మా తాపత్రయం.

నిజం చెప్పాలంటే ఉద్యోగంలో ముప్పాతిక వంతు గిన్నెలు కడగడం.

అందుకు నాకు తర్ఫీదు చిన్నప్పుడే అయింది. ఆయాసం వల్ల నన్ను బడికి పంపలేదు. మా నాన్నగారు, బామ్మ ఇంట్లోనే చదివించారు. టెన్త్ ప్రైవేటుగా కట్టాను. బామ్మ చెప్పిన మొదటి కెమిస్ట్రీ పాఠం దేవుడి దగ్గర రాగిచెంబు చింతపండుతో తోమించడం. నల్లటి చెంబు ఎర్రగా మెరిసింది.

"ఎందుకు మెరిసిందే?" అంది బామ్మ.

"నేను తోమాను కాబట్టి."

"అయితే ఈసారి ఉత్తి చేత్తో తోము, చూద్దాం."

తోమాను. చెంబు నల్లగానే ఉంది. తర్వాత ఎన్ని పెద్ద పుస్తకాలు చదివినా ఇంతకంటే గట్టి పాఠం నాకు దొరకలేదు. ఆ ఇద్దరికీ రోజూ పొద్దున్నే మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

మంచి రిజల్ట్ వస్తే ముందు అనుమానించండి

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోజు మా గిన్నెలో బుడగలు సాంబారు మరిగినట్టు వచ్చాయి. ఇంత ఆక్సిజన్ ఎవరూ చూసి ఉండరని ల్యాబంతా చుట్టూ చేరింది. ఒకాయన కేకు కూడా తెచ్చాడు. కేకు సగం అయ్యాక కరెంటు ఆపారు. బుడగలు ఆగలేదు. పక్క బల్ల మీద గాలి పంపు ట్యూబు ఊడి మా గిన్నెలో పడి ఉంది. మిగతా కేకు ఎవరూ మాట్లాడకుండా తిన్నారు.

చెడ్డ రిజల్ట్ వస్తే అందరూ తప్పు వెతుకుతారు. మంచిది వస్తే ఫోటో తీసుకుంటారు. మా రంగంలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఆ ఫోటో వెనకాల దాక్కుంటాయి. ఇది తెలిసి కూడా మేము అంతకంటే పెద్ద తప్పులో ఎలా పడ్డామో చెబుతాను.

వాల్టర్

నా ఆఖరి బాస్ పేరు వాల్టర్. పొడుగాటి మనిషి, దేవుడంటే నమ్మకం లేదు, కార్లంటే భక్తి. ఆయన దగ్గర ఒక పాత కారు ఉండేది. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పు తగులుతుందని అక్టోబరు నుంచే దాన్ని గరాజులో దుప్పటి కప్పి పడుకోబెట్టేవాడు. ఏదైనా దిగులు పట్టుకుంటే దాని మెరిసే క్రోము సామాన్లు తెచ్చుకుని రుద్దుకునేవాడు. కొందరు జపమాల తిప్పుకోరూ, అలాగ.

ల్యాబులో ఆయన నమ్మకమంతా సీరియం అనే లోహం మీద. నికెల్ ఆక్సైడ్‌లో కాస్త సీరియం కలిపితే ఆక్సిజన్ పరుగెత్తుకుంటూ వస్తుందని నిరూపించాలని ఏళ్ళ తరబడి పట్టుబట్టాడు. నికెల్‌లో చిటికెడు ఇనుము చేరినా దాని పనితనం మారిపోతుందని ఈ రంగంలో అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. అందుకే ల్యాబులోకి ఇనుము రానిచ్చేవాడు కాదు. ఇనుము చేరితే ఆ గొప్ప సీరియానిదో ఇనుముదో తేలదు కదా. పట్టకార్లు ప్లాస్టిక్‌వి, గరిటెలు ప్లాస్టిక్‌వి. నా బ్యాగులో ఐరన్ టాబ్లెట్ల సీసా చూసి, దాన్ని కార్లో పెట్టి రమ్మని నన్ను మంచులో నడిపించాడు.

మా ముగ్గురి జట్టులో మూడో మనిషి సింధు. వరంగల్ అమ్మాయి. హెచ్‌వన్‌బి వీసా మీద ఉంది. చేతిపని శుభ్రం, నోరు ఇంకా శుభ్రం, లోపల ఏదీ దాచుకోదు. ఆ సంవత్సరం హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది. మార్గరెట్ అనే పెద్దావిడ నవంబరులో వచ్చి చూస్తుంది, చెప్పుకోదగ్గ ఫలితం ఉంటే సరి, లేకపోతే జట్టు ఎత్తేస్తారు. నేను ఎలాగూ రిటైరవుతాను. వాల్టర్‌ని ఇంకెక్కడో కూర్చోబెడతారు. సింధు మాత్రం పెట్టె సర్దుకోవాలి.

"ఆంటీ, జాబ్ పోతే సిక్స్టీ డేస్ల ఇంకొకటి దొరకాలె," అంది లంచ్ దగ్గర. "నేను చేసే పని ఏందని అడిగితే బుడగలు లెక్కపెడ్త అని చెప్పాల్నా? ఎవడిస్తడు నాకు జాబ్?"

దసరా

ప్రతి దసరాకీ నా బల్ల మీద పనిముట్లకి పూజ చేసుకునేదాన్ని. గంట కొట్టేదాన్ని కాదు, కర్పూరం వెలిగించేదాన్ని కాదు, ఫైర్ అలారం ఉంది. ఇంత కుంకుమ, ఒక పువ్వు, నా తిండికి ఆధారమైన వస్తువులకి ఒక దణ్ణం. వాల్టర్ ఏటా తలుపు దగ్గర నిలబడి వింతగా చూసేవాడు. ఆ ఏడాది మాత్రం ముందు రోజు వచ్చి, "నేనేమైనా సాయం చేయనా?" అన్నాడు.

"పెద్ద పనేం లేదు. పూజనాటికి సామానంతా శుభ్రంగా, తళతళలాడుతూ ఉండాలి. అదే మా పద్ధతి," అన్నాను.

"అంతేనా," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు వచ్చేసరికి టెఫ్లాన్ గిన్నె మల్లెపువ్వులా ఉంది. దాని నికెల్ మూతలో నా మొహం కనిపించింది. సింధు తోమిందనుకుని మెచ్చుకున్నాను. నేను తోమాననుకుని అది నన్ను మెచ్చుకుంది. ఇద్దరం ఎదుటివాళ్ళ వినయానికి ముచ్చటపడి పనిలో పడ్డాం. మూత పైన బొట్టు పెట్టాను.

ఆ మధ్యాహ్నం మేనత్త కారెక్కింది. కొత్తగా వేసిన సీరియం పలక మీద ఆక్సిజన్ ఎంత సులువుగా వచ్చిందంటే మీటరు చెడిపోయిందని ఇంకో మీటరు తెచ్చి పెట్టాం. అదీ అదే చెప్పింది. తర్వాత చేసిన పలకలూ అలాగే పనిచేశాయి. వాల్టర్ కారిడార్‌లో ఈల వేశాడు. పంపు ట్యూబు ఊడలేదని మూడుసార్లు చూశాను. అంతకుమించి అనుమానించలేదు. మార్గరెట్‌కి ఈమెయిల్ వెళ్ళిపోయింది.

బొట్టు ఎవరు చెరిపారు

ఆవిడ రావడానికి వారం ముందు సింధు, గిన్నెని ఆసిడ్‌లో నానబెట్టి శుభ్రంగా కడిగింది. అది పద్ధతి. కడగకపోతేనే తప్పు. ఆ తర్వాత చేసిన పలక ఒక్కటీ పనిచేయలేదు. అదే నికెల్, అదే సీరియం, అదే చేయి. ఆక్సిజన్ మళ్ళీ ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది.

వాల్టర్ గిన్నె చుట్టూ తిరిగి, వంగి, మూతని పరిశీలించాడు.

"ఇక్కడ ఎర్రచుక్క ఉండేది. ఏమైంది?"

"ఆసిడ్ వాష్‌లో పోయింది," అంది సింధు.

"నువ్వు దాన్ని చెరిపేశావా?"

"వాల్టర్, అది బొట్టు," అన్నాను. "పసుపూ సున్నమూ. క్యాటలిస్ట్ కాదు."

"మూత మీద చుక్క ఉన్నన్నాళ్ళూ పనిచేసింది. పోయాక పనిచేయడం లేదు. నేను శాస్త్రవేత్తని. కనిపించింది చెబుతున్నాను."

"నేను రోజూ పూజ చేసుకునే మనిషిని. నాకు కనిపించేది కూడా విను. అమ్మవారు నీ గిన్నె మూత మీద కూర్చుని ఓల్టేజి తగ్గించదు."

"ఎందుకు తగ్గించదు?" అన్నాడు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. దేవుణ్ణి నమ్మే నేను, నమ్మని మనిషితో ఇందులో దేవుడి చెయ్యి లేదని వాదించాల్సి వచ్చింది.

మళ్ళీ పూజ చేయమన్నాడు. చేయనన్నాను. నేను చేసేది థాంక్స్ చెప్పుకోవడం, ఆర్డర్ ఇవ్వడం కాదు. సింధు నన్ను పక్కకి లాగింది.

"చెయ్యరాదు ఆంటీ, ఏం పోతది? మీ దేవుడు ఏమనుకోడు. మార్గరెట్ అనుకుంటది."

"నువ్వు కూడానా."

"నేను ఏదీ నమ్మట్లే ఆంటీ. గ్రీన్‌కార్డ్ క్యూల ఉన్నోళ్ళు దేన్నీ వద్దనరు."

కారం

మార్గరెట్ రావడానికి ముందు రోజు పొద్దున్న, నేను ఒప్పుకోను కాబట్టి వాల్టరే ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి ఎర్రటి పొడి కొనుక్కొచ్చాడు. గిన్నెకి పెట్టాడు. మీటర్లకి పెట్టాడు. భక్తి ముదిరి, పలకలు కాల్చే బట్టీ నెత్తిన గుప్పెడు పోశాడు. అప్పటికి బట్టీ కాలుతూ ఉంది.

ఆయన కొన్నది గుంటూరు కారం.

ముందు సింధు తుమ్మింది. తర్వాత నేను. తర్వాత గోడ అవతల అకౌంట్స్ వాళ్ళు. ఎవరో అలారం నొక్కారు. బిల్డింగు మొత్తం కోట్లు వేసుకోకుండానే పార్కింగ్ లాట్‌లోకి వచ్చి, సన్నగా పడుతున్న మంచులో నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ దగ్గింది. నా ఆయాసం కూడా చిన్ననాటి స్నేహితురాలిలా పలకరించి వెళ్ళింది.

"ప్యాకెట్ మీద మిరపకాయ బొమ్మ ఉండె గదా వాల్టర్," అంది సింధు. కంగారులో తెలుగులోనే అడిగింది. నేను ఇంగ్లీషులో చెప్పాను.

"పూజకి వాడే పువ్వేమో అనుకున్నాను," అన్నాడు.

అందరి ముందూ అవమానమైపోయింది ఆయనకి. తన ట్రక్కు వెనక తలుపు ఎత్తి, అంచు మీద కూర్చుని, పాత కారు చక్రం మూత ఒకటి ఒళ్ళో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టాడు. ఓదారుద్దామని దగ్గరికి వెళ్ళాను. ఆయన చేతిలో బూడిదరంగు పీచు ఉండ. రుద్దేకొద్దీ నల్లటి పొడి రాలి మంచు మీద పడుతోంది.

"ఏమిటిది?"

"స్టీల్ ఊల్. అన్నింటికంటే సన్న రకం. గీత పడదు. క్రోముకి దీన్ని మించింది లేదు."

"క్రోముకేనా వాడతావు?"

"దేనికైనా. నీ పూజకి గిన్నే మూతా తోమింది దీనితోనే కదా. పొద్దున్నే నీకంటే ముందొచ్చి తోమాను. తళతళలాడాలన్నావుగా." కాస్త ఆగి, "బాగుందని నువ్వొక్క మాట కూడా అనలేదు," అన్నాడు.

నా వెనక సింధు దగ్గడం ఆపేసింది. ఉక్కు పీచంటే ఇనుము. నా టాబ్లెట్లని మంచులోకి పంపిన మనిషి, నా మీద గౌరవంతో, తన చేత్తోనే గిన్నెకి ఇనుము పట్టించాడు. ఆ ఇనుము నీళ్ళలోకి దిగి పలకకి పట్టింది. మేము ఆనందించినన్నాళ్ళూ ఆనందించింది దాన్ని చూసే. సింధు ఆసిడ్‌తో కడిగింది బొట్టుని కాదు, దాన్నే.

వాల్టర్ మా మొహాలు చూశాడు. చేతిలో పీచు చూసుకున్నాడు. మెల్లిగా దాన్ని చక్రం మూతలో పెట్టి, ట్రక్కు తలుపు వేసేశాడు.

ఉత్తి చేత్తో

లోపలికి రానిచ్చాక సింధు మూడు గిన్నెలు సిద్ధం చేసింది. ఒకదానిలో సీరియం మాత్రమే కలిపిన నికెల్ పలక. ఒకదానిలో సీరియంతో పాటు, తూచి కలిపిన చిటికెడు ఇనుపలవణం. మూడోదానిలో సీరియం లేకుండా ఇనుము మాత్రమే. సాయంత్రానికి తేలిపోయింది. మొదటిది మొండికేసింది. రెండోదీ మూడోదీ దసరానాటి పలక కంటే బాగా పనిచేశాయి, రెండూ ఒక్కలాగే. అంటే సీరియం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

వాల్టర్ మూడు గిన్నెల అంకెలూ మళ్ళీ సరిచూశాడు. "రేపు రెండో గిన్నె చూపిద్దాం," అన్నాడు చివరికి. "అందులో సీరియం ఉంది. ఇనుము మాట ఎవరూ అడగరు. అబద్ధమేమీ చెప్పడం లేదు."

"నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది," అంది సింధు ఇంగ్లీషులో, మర్యాదగా. నా వైపు తిరిగి తెలుగులో అంది: "ఈయన నన్ను ముంచేటట్టున్నడు ఆంటీ. రిపోర్ట్ మీద నా పేరుంటది. రేపు వేరే ల్యాబోళ్ళు చేస్తే రాకపోతే, ఎవర్ని పట్టుకుంటరు? వాల్టర్‌నా? నన్నే. చెప్తే టీం పోతదేమో, చెప్పకపోతే నా పేరు పోతది."

నాకు ధర్మపన్నాలు చెప్పడం చేతకాదు. మా బామ్మ మాటే చెప్పాను.

"వాల్టర్, ఉత్తి సీరియంతో తోము, చూద్దాం."

రాగిచెంబు కథ చెప్పాల్సి వచ్చింది. విని, "మీ బామ్మ ఎప్పుడైనా ప్రాజెక్టు రివ్యూకి వచ్చిందా?" అని అడిగి కోటు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు కార్లో వస్తూ దణ్ణం పెట్టుకున్నాను. ఓల్టేజి కోసం కాదు. వాల్టర్ నోరు తిన్నగా తెరుచుకోవాలని.

మార్గరెట్

మార్గరెట్ పొట్టిగా, గంభీరంగా ఉంది. లోపలికి రాగానే రెండుసార్లు తుమ్మి, "ఇక్కడ ఏదో వంట చేశారా?" అంది.

వాల్టర్ మొదటి గిన్నె మీద చేయి పెట్టి, "ఇది నేను ఇన్నేళ్ళూ నమ్మింది. ఇది పనిచేయదు," అన్నాడు. తర్వాత మూడో గిన్నె చూపించాడు. "ఇది సింధు నిన్న రుజువు చేసింది. ఇది పనిచేస్తుంది." ఆ తర్వాత అంతా చెప్పాడు. ఇనుము నిషేధం, తోమడం, ఎర్రచుక్క, కారం, ఏదీ వదల్లేదు. సింధు నేల చూపులు చూస్తోంది. నేను మనసులో నామాలు చదువుకుంటున్నాను.

"అంటే," అంది మార్గరెట్, "ఇన్నేళ్ళూ సీరియం తెప్పించుకున్నారు. పని చేసింది గిన్నెలు తోమే పీచు."

"అన్నింటికంటే సన్న రకం," అన్నాడు వాల్టర్.

ఆవిడ నవ్వలేదు. సింధు వైపు తిరిగి, ఇనుము ఎంత వేస్తే ఎక్కువ, ఎంత వేస్తే తక్కువ, ఎన్నాళ్ళు నిలుస్తుంది అని వరసగా అడిగింది. తెలిసినవి సింధు చెప్పింది. తెలియనివి తెలియవంది. ఆవిడ తల ఊపింది.

"సీరియం అక్కర్లేదని ఇంత తొందరగా ఒప్పుకున్న జట్టుని నేను చూడలేదు. పని ఆపకండి. ఈ ఇనుము సంగతి ఈ అమ్మాయి నడిపించాలి," అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఆ కారం ఏ బ్రాండ్?" అని అడిగింది.

ఆవిడ కారు కదిలాక సింధు స్టూలు మీద కూలబడి ఏడ్చింది. కారం వల్లనే అంది. ల్యాబులో ఇంకా ఘాటు ఉన్న మాట నిజమే.

చివరగా

ఇనుము గొప్పతనం మేము కనిపెట్టింది కాదు. మాకంటే ముందే తెలిసినవాళ్ళు ఎందరో ఉన్నారు. మేము కనిపెట్టింది, తెలిసిన విషయం మీద కూడా మనిషి కాలు జారి పడగలడని. ఈ పనిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇంతే: గిన్నె ఎవరు కడిగారో, దేనితో కడిగారో అడగండి. సిగ్గుపడకుండా అడగండి. మెచ్చుకునే ముందే అడగండి.

మరుసటి ఎండాకాలం నేను రిటైరయ్యాను. వాల్టర్ నాకు ఆ చక్రం మూత కానుకగా ఇచ్చాడు. దేవుడి గదిలో పూలు పెట్టుకోవడానికి చక్కగా సరిపోయింది. ఇంత మంచి మనుషుల మధ్య ఇన్నేళ్ళు నీళ్ళు చూస్తూ నిలబడనిచ్చినందుకు రోజూ ఆ పూల ముందు కృతజ్ఞత చెప్పుకుంటాను.

మొన్న దసరాకి సింధు ల్యాబు నుంచి ఫోన్ చేసింది.

"ఆంటీ, ఈసారి ఎవర్నీ తోమనియ్యలే. ఇనుము మేమే తూచి ఏస్తున్నం."

"మంచిది. బొట్టు పెట్టావా?"

"పెట్టిన. గిన్నెకు పెట్టిన, బట్టీకి పెట్టిన, వాల్టర్‌కు కూడ పెట్టిన. తనే వచ్చి వంగిండు ఆంటీ. కాకపోతే ముందు కుంకుమ డబ్బా మూత తీయించి వాసన చూసిండు."